ఇరవై రెండో తారీఖు పొద్దున

సంపాదకుడు గారికి నమస్కారం.

నేను విశాఖపట్నం కంచరపాలెంలో ఇంటి ముందు గదిలోనే రెండు మిషన్లు వేసుకుని జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు కుట్టుకునే మనిషిని. ఇరవై ఎనిమిదేళ్లుగా ఇదే పని. పేపర్‌కి ఉత్తరం రాయడం మాత్రం ఇదే మొదలు, తప్పులుంటే దిద్దుకుని వేయండి.

మొన్న 2025 జూన్ 21న మా ఊళ్లో జరిగిన యోగా దినోత్సవం గురించి మీరు పేజీలకు పేజీలు వేశారు, సంతోషం. ఆర్కే బీచ్ నుంచి భోగాపురం వరకు మూడు లక్షల మందికి పైగా చాపలు పరిచిన ఆ రోడ్డు మీద నేను కూడా ఉన్నాను. మా వీధి నుంచి పదకొండు మందిమి అర్ధరాత్రి దాటగానే లేచి, తలస్నానాలు చేసి, తెల్లారకముందే మాకు చెప్పిన చోటికి వెళ్లి కూర్చున్నాం. ఎదురుగా సముద్రం, అటూ ఇటూ చూపు ఆనినంత దూరం మనుషులు, అంతమందీ ఒక్కసారి చేతులు పైకెత్తితే ఒళ్లు జలదరించింది. అంతకు ముందు రోజు ఆంధ్రా యూనివర్సిటీ మైదానంలో మన్యం పిల్లలు వేల మంది కలిసి 108 సూర్య నమస్కారాలు చేశారు కదా, ఆ ఫొటో కత్తిరించి మిషన్ పక్కన గోడకి అంటించుకున్నాను.

కానీ ఆ వారమంతా ఎక్కడ చూసినా రెండే విషయాలు. ఎంతమంది వచ్చారు, ఏ ఆసనం వేస్తే ఏ రోగం పోతుంది. మర్నాడు, అంటే 22న, ఆదివారం పొద్దున, ఎవరూ పిలవకుండా, టీషర్టు ఇవ్వకుండా, కెమెరా లేకుండా తమ ఇంట్లో తాము చాప పరుచుకున్నవాళ్లు ఎందుకు పరుచుకున్నారో ఎవరూ అడగలేదు. మా పదకొండు మందిలో అలా పరుచుకున్నది ముగ్గురం. మిగతావాళ్లని తప్పుపట్టడానికి ఈ మాట అనట్లేదు, వాళ్ల ఇళ్లలో పనులు ఎలా ఉంటాయో నాకు తెలుసు. నన్ను అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో అదే రాస్తున్నాను.

నేను మొదలుపెట్టింది 2014లో, హుద్‌హుద్ తర్వాత. అక్టోబర్ 12న తుఫాను కొట్టింది, ఊళ్లో చెట్టన్నది నిలబడలేదు, రోజుల తరబడి కరెంటు లేదు. అదే నెల 23న దీపావళి. నా దగ్గరేమో పండక్కి ఇవ్వాల్సిన బట్టలు మూటలు మూటలుగా ఉన్నాయి. మోటారు నడవదు కాబట్టి మూలన పడి ఉన్న పాత కాలి మిషన్ తుడిచి, నూనె వేసి, కొవ్వొత్తి పక్కన పెట్టుకుని కుట్టాను. సూది మొన కనపడక ముఖం గుడ్డకి ఆనేంత దగ్గరగా వంగేదాన్ని, రాత్రి రెండింటి దాకా. పండగ వెళ్లిన మూడో రోజుకి మెడ పట్టేసింది. అది ఇదివరకు కూడా పట్టేసేది, బామ్ రాసుకుంటే పోయేది. ఈసారి కుడి చేతి బొటనవేలు, చూపుడు వేలు తిమ్మిరెక్కి కత్తెర జారిపోవడం మొదలుపెట్టింది. ఆ రెండు వేళ్లే కదండీ నా బతుకు.

డాక్టరు గారు ఎక్స్‌రే తీయించి మెడ ఎముకలు అరిగాయి, నరం నొక్కుకుంటోంది అన్నారు. మనిషి తల సుమారు అయిదు కిలోలుంటుందట. నిటారుగా ఉంటే ఆ బరువు వెన్నుపూస మీద కూర్చుంటుంది, ముందుకి వంచితే మెడ వెనక కండరాలే దాన్ని లాగి పట్టుకోవాలి, నువ్వు రోజుకి పది గంటలు లాగి పట్టుకుంటున్నావమ్మా అని ఆయన చెప్తే నాకు వెంటనే అర్థమైంది. నిండు బిందె చంకన పెట్టుకోవడానికీ, చేయి చాచి పట్టుకోవడానికీ ఉన్న తేడా అది. మెడకి పెట్టుకునే కాలరు ఇచ్చారు, మాత్రలు రాశారు, పని తగ్గించుకోమన్నారు. పని తగ్గిస్తే పిల్ల కాలేజీ ఫీజు ఎవరు కడతారు.

మా వెనక వీధిలో రిటైరైన డ్రిల్లు టీచరమ్మ ఒకావిడ ఉండేవారు, ఆవిడ జాకెట్లన్నీ నేనే కుట్టేదాన్ని. ఒకరోజు ఆది జాకెట్టు తెచ్చి ఇస్తూ నా మెడకున్న కాలరు చూసి, "రేపు పొద్దున అయిదుంబావుకి మా మేడ మీదకి రా అమ్మాయ్, ఏం తినకుండా రా" అన్నారు. ఆవిడకి డబ్బులు వద్దు, జాకెట్లు మాత్రం చెప్పిన రోజుకి ఇవ్వాలి, అదే ఫీజు అన్నారు. ఆ డిసెంబర్ 11నే ఐక్యరాజ్యసమితిలో జూన్ 21ని యోగా దినంగా తీర్మానం చేశారు, 177 దేశాలు దాన్ని బలపరిచాయి అని ఆవిడ ఎంతో మురిసిపోతూ చెప్పారు. నాకు అప్పుడు దేశాల మీద ధ్యాస లేదు, కత్తెర పట్టుకోగలిగితే చాలు.

మొదటి రెండు నెలలు ఆవిడ నాకు నిలబడటం, కూర్చోవడం, ఊపిరి తీసి వదలడం తప్ప ఏమీ నేర్పలేదు. చేతులు పైకెత్తేటప్పుడు తీయాలి, వంగేటప్పుడు వదలాలి. ఇంతేనా అనిపించేది. మూడో నెలలో అనుకుంటాను, ఒక మధ్యాహ్నం పట్టు జాకెట్టు గుడ్డ పరిచి, దాని మీద ఆది జాకెట్టు పెట్టి సుద్దతో గీసి, చంక వంపు దగ్గర కత్తెర పెట్టాను. వంపు చివరికి వచ్చి కత్తెర ఆగాక లోపలి నుంచి పెద్ద నిట్టూర్పు వచ్చింది. అప్పుడు తెలిసింది, ఆ వంపంతా నేను ఊపిరే తీయలేదు. సరే చూద్దామని రెండో పక్క కత్తిరించాను. అంతే. పళ్లు బిగుసుకున్నాయి, భుజాలు రెండూ చెవుల దాకా లేచాయి, ఊపిరి లేదు. సూదిలో దారం ఎక్కించేటప్పుడు చూశాను, అక్కడా అంతే. హుక్కు కుట్టేటప్పుడూ, కాజా కుట్టేటప్పుడూ, కస్టమర్ అద్దం ముందు నిలబడి జాకెట్టు సరిపోయిందో లేదో చెప్పే ఆ అర నిమిషం కూడా. పద్దెనిమిదేళ్లు రోజుకి ఎన్ని వందలసార్లు ఊపిరి బిగబట్టి ఉంటాను! మెడ ఎముకల అరుగుదల ఎక్స్‌రేలో పడింది గానీ ఇది ఏ పరీక్షలోనూ పడదు.

మర్నాడు టీచరమ్మకి చెప్తే ఆవిడేం పెద్ద ఉపన్యాసం ఇవ్వలేదు. "వంగేటప్పుడు వదులుతున్నావుగా, కత్తిరించేటప్పుడూ వదులు" అన్నారు. పాత చీర ముక్కల మీద సాధన చేశాను. మొదట్లో గీత వంకర పోయింది, ఎందుకంటే ఊపిరి బిగబట్టడమే నాకు చేతికిచ్చే ఊతం. వారం తర్వాత చేయి కుదురుకుంది. ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకోడానికి వచ్చే అమ్మాయిలకి మొదటి రోజు కత్తెర ఇవ్వను. సుద్ద ఇచ్చి, ఊపిరి వదులుతూ వంపు గీయమంటాను. వాళ్లకది వింతగా ఉంటుంది. పదేళ్లయ్యాక వాళ్ల మెడలు ఎలా ఉంటాయో నాకు తెలుసు కాబట్టి పట్టుబడతాను.

ఇది నా అసలు కారణం. పొద్దున మేడ మీద నలభై నిమిషాలు చేసేది, మిగతా రోజంతా ఊపిరి ఎక్కడ ఆగిపోతోందో తెలియడానికి. ఒక వారం మానేస్తే మళ్లీ తెలియకుండా పోతుంది. చాలాసార్లు మానేశాను కూడా, పెళ్లిళ్ల సీజన్లో, మా అమ్మాయి పురిటికి వచ్చినప్పుడు. ప్రతిసారీ నాకంటే ముందు భుజాలు చెప్పేస్తాయి.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది చెప్పడానికి కొంచెం కష్టంగా ఉంది. యోగా మొదలుపెట్టక ముందు నా దగ్గర ఒక పిల్ల పని నేర్చుకునేది, తండ్రి లేని పిల్ల. ఒక శ్రావణ మాసం రద్దీలో అంచున్న పట్టు జాకెట్టుకి రెండు చేతులూ ఒకే పక్కకి కత్తిరించేసింది. గుడ్డ మిగల్లేదు. నేను ఆ పిల్లని పదిమంది కస్టమర్ల ముందు అనరాని మాటలు అన్నాను. మర్నాటి నుంచి రాలేదు. ఇంటికి వెళ్లి పిలిచినా రాలేదు. ఆ గుడ్డ ఖరీదు ఎంతో నాకు గుర్తులేదు, ఆ పిల్ల ముఖం ఇప్పటికీ గుర్తుంది.

2017 శ్రావణంలో ఇంకో అమ్మాయి సరిగ్గా అదే తప్పు చేసింది. రెండు చేతులూ ఎడమ చేతులే. చూడగానే గొంతు దాకా వచ్చేసింది మాట. కానీ అప్పటికి నాకు అలవాటైంది కదా, ఊపిరి ఆగిందని ముందు అదే తెలిసింది. వదిలాను. ఇంకోసారి తీసి వదిలాను. ఆ రెండు ఊపిర్ల తర్వాత చూస్తే బల్ల కింద ముక్కల బుట్టలో అంచు ముక్క జానెడు కనపడింది. దాన్ని చంక కిందకి వచ్చేలా అతుకు వేసి ఇద్దరం కూర్చుని రాత్రికి పూర్తి చేశాం. కస్టమర్‌కి ఉన్నది ఉన్నట్టు చెప్పి, కుట్టుకూలి తీసుకోకుండా ఇచ్చాను. ఆ అమ్మాయికి ఇప్పుడు గాజువాకలో సొంత షాపుంది. నాకు కోపం పోలేదు, ఇప్పటికీ వస్తుంది. కోపానికీ మాటకీ మధ్య కొంచెం జాగా దొరికింది. ఏ ఆసనంతో ఏ రోగం పోతుందో అని మీ పేపర్లో వేసిన పట్టికలో ఈ లాభం లేదు.

ఆ పట్టిక గురించి కూడా ఒక మాట చెప్పాలి, దయచేసి ఏమీ అనుకోవద్దు. ఫలానా ఆసనం వేస్తే షుగర్ పోతుంది, బీపీ మాత్రలు మానేయొచ్చు అన్నట్టు రాస్తే నమ్మేవాళ్లు నిజంగా ఉన్నారు. మాకు తెలిసిన ఒకాయన ఎవరో శిక్షకుడి మాట విని బీపీ మాత్రలు ఆపేసి ఆసుపత్రి పాలయ్యారు, ఇప్పుడు ఎడమ కాలు ఈడుస్తూ నడుస్తున్నారు. నాకూ థైరాయిడ్ ఉంది. పొద్దున లేవగానే మాత్ర వేసుకునే మేడ ఎక్కుతాను. యోగా నా మాత్రని ఆపలేదు, ఆపుతుందని నాకెవరూ మాటివ్వలేదు కూడా.

నాకు దెబ్బ తగిలింది కూడా. ఏడాది తిరిగేసరికి కొంచెం ధైర్యం వచ్చి, ఫోన్లో వీడియో చూసి హలాసనం వేశాను, కాళ్లు తల వెనక్కి నేలకి ఆనించేది. నా మెడకి అది అస్సలు పనికిరాదు. మూడు వారాలు మళ్లీ కాలరు. మెడ అరుగుదల ఉన్నవాళ్లు హలాసనం, సర్వాంగాసనం, శీర్షాసనం జోలికి పోకూడదని, బీపీ ఎక్కువున్నవాళ్లూ, కంట్లో ఒత్తిడి పెరిగే గ్లకోమా ఉన్నవాళ్లూ తలకిందులుగా ఉండే ఆసనాలు వేయకూడదని టీచరమ్మ అప్పుడు గట్టిగా చెప్పారు. మీరు వేసే ఆసనం బొమ్మ పక్కనే ఎవరు వేయకూడదో కూడా రెండు లైన్లు అచ్చు వేస్తే నాలాంటి ఎంతమందికో మేలు.

అప్పుడే ఆవిడ నాకు యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్ గారి గురించి చెప్పారు. 1918లో కర్ణాటకలోని బెళ్లూరులో పుట్టారాయన, ప్రపంచమంతా ఇన్‌ఫ్లుయెంజాతో అల్లాడుతున్న రోజుల్లో. చిన్నప్పుడు మలేరియా, టైఫాయిడ్, క్షయ, ఏదీ వదల్లేదు. మైసూరులో బావగారు కృష్ణమాచార్యుల దగ్గర యోగా నేర్చుకుని, పూణె వెళ్లి స్థిరపడి, 2014లో, అంటే నేను మొదలుపెట్టిన ఏడాదే, తొంభై అయిదేళ్ల వయసులో పోయారు. కుర్చీ, గోడ, బెల్టు, చెక్క దిమ్మ, దుప్పటి, ఏది ఆసరా అయితే అది పెట్టుకుని ఒంగని ఒంటికీ ఆసనం వేయించొచ్చని చూపించింది ఆయనే. వంగలేకపోవడం తప్పు కాదని ఒక పెద్దాయన అన్నట్టు అనిపించింది నాకు. అప్పటి నుంచి నా మిషన్ స్టూలే నా ఆసరా. చీర ఫాల్ గుడ్డ నాలుగు మడతలు వేసి కుడితే మంచి బెల్టు అవుతుంది, ఎవరైనా చేసుకోవచ్చు.

మా అమ్మ గురించి రాయకపోతే ఈ ఉత్తరం పూర్తికాదు. 2019లో ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్లప్పుడు వంటింట్లో జారి కూర్చుండిపోయింది. ఎముక విరగలేదు, దెబ్బ తగల్లేదు. లేవలేకపోయింది అంతే. ఇంట్లో ఎవరూ లేరు, నేను బట్టలు ఇవ్వడానికి వెళ్లాను. రెండు గంటల తర్వాత వచ్చి చూస్తే గోడకి ఆనుకుని, పక్కనే కత్తిపీట, ముందు సగం తరిగిన బెండకాయలు, నన్ను చూసి "లేవలేకపోయానే" అని చిన్నపిల్లలా ఏడ్చింది. కింద కూర్చుని కూర తరిగి, కింద కూర్చుని అన్నం తిని, కింద కూర్చుని ముగ్గు పెట్టిన మనిషి. మోకాళ్లు నొప్పని ఆరేడేళ్ల కిందట కుర్చీకి మారింది, మారాక మళ్లీ కింద కూర్చోలేదు, చివరికి కింద నుంచి లేవడం ఒళ్లు మర్చిపోయింది.

ఆ రోజు నుంచి నేను పొద్దున అన్నిటికన్నా ముందు చేసేది అదే. నేల మీద కూర్చోవడం, చేతులు ఆనించకుండా లేవడం, పదిసార్లు. ఇది ఏ ఆసనం కిందకి వస్తుందో నాకు అక్కర్లేదు. మోకాలు నొప్పిగా ఉన్న రోజు ఒక చేయి స్టూలు మీద వేస్తాను, కానీ మానను. నా మనవడికి ఏడో నెల, పాకుతున్నాడు. వాడు పాకే ఎత్తులో వాడితో ఉండాలని నాకుంది.

ఆడవాళ్లు చదువుతారని ఇంకో విషయం కూడా రాస్తున్నాను. నెలసరి ఆగిపోయే వయసులో ఒంట్లో ఒక్కసారిగా సెగలు పుట్టడం, అర్ధరాత్రి చెమటలు పట్టి మెలకువ రావడం, చిన్నదానికి ఏడుపు రావడం, రెండేళ్లు పడ్డాను. యోగా వల్ల సెగలు తగ్గాయని చెప్పను. మెలకువ వచ్చినప్పుడు కాళ్లు రెండూ గోడకి చాపి వెల్లకిలా పడుకుని పది నిమిషాలు మెల్లగా ఊపిరి వదిలితే మళ్లీ నిద్ర పట్టేది. ఆ పది నిమిషాలు నాకేదో అయిపోతోందన్న భయం ఉండేది కాదు.

కరోనా రాగానే టీచరమ్మని కొడుకు హైదరాబాద్ తీసుకెళ్లిపోయారు. 2020లో షాపు మూసి, ఇంట్లో మాస్కులు కుట్టేవాళ్లం, తల్లీ కూతుళ్లిద్దరం. మేడ మీద ఒక్కదాన్నే అయిపోయాను. చెప్పేవాళ్లు లేరు, లెక్కపెట్టేవాళ్లు లేరు. మానేస్తానేమో అని భయపడ్డాను. మానలేదు, ఎందుకంటే అప్పటికే అర్థమైంది, రోజు మొత్తంలో ఎవరూ నన్ను ఏమీ అడగని సమయం అదొక్కటే. ఆరు దాటితే పాలు, టిఫిను, అమ్మ మందులు, ఏడున్నరకి మొదటి కస్టమర్. పడుకునేదాకా నేను ఎవరికో ఏదో ఇవ్వాలి. అయిదుంబావు నుంచి ఆరు దాకా ఆ పాత జంబుఖానా మీద ఉన్నది నేను మాత్రమే. మా ఆయన మొదట్లో, "ఆ టైములో నాలుగు హుక్కులు కుట్టుకోవచ్చుగా" అనేవారు. ఇప్పుడు వర్షం పడితే ఆయనే ముందు గదిలో మిషన్లు జరిపి నాకు చోటు చేసి పెడతారు.

మీకు నేను అడిగేది ఒకటే. జూన్‌లో వేసే ప్రత్యేక పేజీలో సగం తగ్గించి ఆ సగం సెప్టెంబర్‌లోనో డిసెంబర్‌లోనో వేయండి, ఆ పేజీలో మామూలు మనుషుల్ని అడగండి. ఆటో నడిపేవాళ్లని, నర్సుల్ని, మార్కెట్లో కూరలమ్మే వాళ్లని, రోజంతా నిలబడే ట్రాఫిక్ కానిస్టేబుళ్లని. ఎవరు ఎక్కడ ఊపిరి బిగబడుతున్నారో వాళ్లకే తెలుస్తుంది. బీచ్ రోడ్డుకి వచ్చిన మా పదకొండు మందిలో ఒకావిడ మొన్న ఆదివారం మళ్లీ నా దగ్గరికి వచ్చి, నలుగురిలో చేయడానికి సిగ్గేసింది, ఒక్కదానికే నేర్పుతావా అక్కా అని అడిగింది. మోకాళ్ల నొప్పులు, నేల మీద కూర్చోలేదు. స్టూలు మీద కూర్చోబెట్టి మొదలుపెట్టాను.

ఆషాఢం ఆఫర్లలో కొన్న చీరలన్నీ ఇప్పుడు మా దగ్గరికే వస్తున్నాయి, మొదటి శ్రావణ శుక్రవారానికి ఇవ్వాల్సిన జాకెట్లు ముప్పై ఆరున్నాయి. రాత్రి పదకొండయింది. రేపు ఆవిడ అయిదుంబావుకి వస్తానంది, తలుపు గొళ్లెం తీసి ఉంచాలి.

ఇట్లు,
ఒక టైలరు,
కంచరపాలెం, విశాఖపట్నం